ఖాళీ లూపు

పెద్దకోడలు నొక్కాలా చిన్నకోడలు నొక్కాలా అని ఇంతసేపు పట్టుబట్టడానికి అదేమన్నా పట్టాభిషేకమా, బొటనవేలంత పచ్చ బొత్తాం, అనుకుంటూ నాగవేణి పళ్లెంలో కర్పూరం బిళ్లలు సర్దుతోంది, మోటారు షెడ్డు గడపలో అత్త తిమ్మక్క నిమ్మకాయ పట్టుకుని అడ్డంగా నిలబడి, మనింట్లో ఏ మిషను వచ్చినా పెద్దకోడలి చేత్తోనే గదరా మొదలుపెట్టేది, గ్రైండరూ అంతే, ట్రాక్టరూ అంతే, ఇదేం కొత్తా, అంటోంది, మరిది గోకుల్ వదలడు, గ్రైండరును వదిన చేసిందా అమ్మా, ఈ పెట్టెల్లో ప్రోగ్రామంతా పవిత్ర రాసింది, రాసినోళ్లు గదా నొక్కాల, అట్లయితే సంగటి కెలికినోళ్లే తినాల్నా, మిగిలినోళ్లు గాలి మింగాల్నా, అని తిమ్మక్క, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మామ సుబ్బరాయప్పకు నవ్వాగడం లేదు, ముందు కరెంటు రానీండప్పా, త్రీఫేజు లేకుండా ఎవరు నొక్కితే ఏముంది, కాలింగ్ బెల్లు గూడా మోగదు, అన్నాడు, అందరూ నవ్వారు, బోర్డు మీది ఎర్రలైటు ఎప్పుడు వెలుగుతుందా అని మెడ పైకెత్తి నిలబడ్డ మొగుడు చంద్రశేఖర్ కూడా తల తిప్పకుండానే నవ్వాడు, నాగవేణి నవ్వుతూనే ఓరగా చూసింది, తన తోడికోడలు పవిత్ర ఒక్కతే నవ్వడం లేదు, గోడకు ఆనుకుని కుడిచేతి గోరు కొరుక్కుంటోంది, ఎర్రంచు పసుపుచీర, జడలో నిండుగా కనకాంబరాలు, ఈ మోటారు షెడ్డుకు పట్టుచీరెందుకో, గ్రీజు అంటితే పోతుందా అది, పోనీ, అంటనీ.

పోనీ అనుకున్నందుకు తన మీద తనకే కాస్త చీదర కలిగింది, అయినా ఎవరికి వినబడింది కనుక, ఈ రాయకోట రోడ్డు తోటలో గులాబీ షెడ్లు వేసిన నాటినుంచి ప్రతి షెడ్డు పక్కనా ఒక ఇనుప పెట్టె, ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఏ వరసకు ఎంత నీళ్లు పోవాలో, ఎండ ముదిరితే మంచు చల్లే గొట్టాలు ఎప్పుడు తెరవాలో చూసుకునే పెట్టె, దాని లోపలి ప్రోగ్రాము ఒక్కొక్క వరసా నాగవేణి రాసింది, సి భాషలో, ఒంటరిగా, అన్నేళ్లు అది తిరుగుతుంటే ఒక్కరోజూ నిమ్మకాయ కొయ్యలేదు, ఏమ్మా నాగవేణీ, నీళ్లు పోతా ఉండాయి గదా, అని మామ అడగడం, పోతా ఉండాయి మామా అని తను చెప్పడం, అంతే, ఈ పిల్ల వచ్చి మూడేళ్లయిందో లేదో అదే పనిని రస్ట్ అనే కొత్త భాషలో తిరగరాస్తే మామ కుర్చీ లాక్కుని దాని లాప్‌టాప్ పక్కనే కూర్చున్నాడు, ఇదేందమ్మా ఎర్రగా వస్తా ఉండాది, అని అడిగాడు, కంపైలరు తిడతా ఉండాది మామా, నా రాతను మిషను భాషలోకి మార్చేది, తప్పు రాసినానంట, అని అది నవ్వుతూ చెప్పింది, అబ్బా, ముందే చెప్పేస్తుందా, మంచిదే గదమ్మా అది, మన ఇంజనీర్లకంటే మేలు, అని ఆయన, కాఫీ కలుపుతున్న నాగవేణి చేతిలో చెంచా గిన్నెకు ఠంగున తగిలింది, నా కంపైలరు తిట్టదు మామా, అది నన్ను నమ్ముతుంది, అని చెప్పాలనిపించింది, చెప్పలేదు, నమ్మడమో పట్టించుకోకపోవడమో ఇరవై ఏళ్లయినా తనకే తెలియదు.

కృష్ణగిరి పాలిటెక్నిక్‌లో నీలం తెర మీద పసుపు అక్షరాలు, గురుబరపల్లి నుంచి బస్సులో నిలబడి వచ్చి చెప్పులు బయట విప్పి ల్యాబులోకి పోతే ఏసీ చలికి వేళ్లు వంకర్లు పోయేవి, సి అంటే పదునైన కత్తి, ఉల్లిపాయా తరుగుతుంది వేలూ తరుగుతుంది, అదేది అని అడగదు, అని సారు చెప్పినప్పుడు క్లాసంతా నవ్వింది, నాగవేణికి మాత్రం ఒళ్లు పులకరించింది, అడగని వస్తువు ఒకటి ఈ లోకంలో ఉందన్నమాట, యాడికి పోతావు, ఎందుకు పోతావు, ఎవరితో పోతావు అని అడగనిది, లేని చోట రాయమంటే రాస్తుంది, లేనిదాన్ని చదవమంటే ఏదో ఒక చెత్త చదివి చేతిలో పెడుతుంది, తప్పు చేస్తే ఆ రోజు కాదు, ఇంకెప్పుడో, నట్టెండలో షెడ్డు మధ్యన పెట్టె ఉన్నట్టుండి బిగుసుకుపోయి ఊరుకుంటుంది, ఎందుకో చెప్పదు, కారణం నువ్వే వెతుక్కో, అలా వెతుక్కుని వెతుక్కుని తలలో పెట్టుకుంది అంతా, ఏ విలువను ఏ వరస మారుస్తుంది, ఏది ఎప్పుడు ఖాళీ అవుతుంది, ఏది ముట్టకూడదు, కంపైలరు ఎంత చిన్నదో ఆ భాషలో రాసేవాళ్ల తల అంత పెద్దది కావాలి, పవిత్రకు అవన్నీ అక్కర్లేదు, దాని కంపైలరే పెద్ద తల, కొండంత తల, లోపల ఏముందో ప్రపంచంలో పూర్తిగా తెలిసినవాళ్లు ఎంతమందో, సి కంపైలరయితే ఓపికున్నవాడు ఒక్కడే కూర్చుని రాసుకోగలడు, తను తుమ్మేలోపల తన ప్రోగ్రాము తయారైపోతుంది, దానిది తయారు కావాలంటే లాప్‌టాప్ మిక్సీలా రొద పెట్టి ఒళ్లు కాగుతుంది, ఆ సందులో లేచిపోయి అందరికీ కాఫీ పెట్టి తెస్తుంది, కాఫీకీ మెచ్చుకోలే, ఏం చేతమ్మా నీది అని, కాఫీకి పాలు కాచింది ఎవరు.

ఒకనాడు భోజనాల దగ్గర మామ అడిగాడు, ఇన్ని భాషలు ఎందుకమ్మా, మనింట్లోనే తెలుగు, అంగడికి తమిళం, బాగలూరుకు పోతే కన్నడం, మిషనుకూ ఇన్ని కావాల్నా, అని, పవిత్ర చేతిలో ముద్ద అలాగే పట్టుకుని చెప్పింది, సి నేర్చుకునేది తేలిక మామా, తప్పు లేకుండా రాసేదే కష్టం, సి ప్లస్ ప్లస్ అని ఇంకొకటుండాది, ముప్పైనలభై ఏండ్లుగా ఎవరికి ఏది కావాలంటే అది చేర్చుకుంటా పోయినారు, పాతది ఒక్కటీ పారేయలేదు, మన అటక మాదిరి, ఏది యాడుండాదో ఇంటోళ్లకే తెలీదు, జిగ్ అని కొత్తది, సి మాదిరే చిన్నగా ఉండాలని చూస్తా ఉండారు, రస్ట్ మొదట్లో ప్రాణం తీస్తుంది, ఒకసారి ఒప్పుకుందంటే మళ్లీ బిగుసుకుపోయేది తక్కువ, ఎందుకంటే ఒక వస్తువు ఒకరి సొంతం అంటుంది, మిగిలినోళ్లు చూడొచ్చు గానీ ఒకరు మార్చేటప్పుడు ఇంకొకరు చెయ్యి పెట్టకూడదంటుంది, ఇప్పుడు చూడండి, సాంబారులో అక్కా ఉప్పేసి నేనూ ఉప్పేసినాననుకోండి, సి అయితే గమ్మునుంటుంది, తిన్నాకే తెలిసేది, రస్ట్ అయితే రెండో ఉప్పు వేయనే వేయనీదు, అందరూ నవ్వారు, తిమ్మక్క నవ్వుతూ, అట్లయితే దాన్ని మా వంటింట్లో పెట్టు తల్లీ, అంది, నాగవేణి సాంబారు గరిటెతో వడ్డిస్తూ ఉంది, ఆ రోజు నిజంగానే ఉప్పెక్కువైంది, ఎవరు రెండోసారి వేశారో ఇద్దరికీ తెలుసు, దాన్ని ఇంత తియ్యగా చెప్పడం ఎవరు నేర్పారో ఈ పిల్లకు, తన కోపం రావడానికి కూడా సందు ఇవ్వకుండా.

ఆ భోజనాల దగ్గరే, మజ్జిగ పోసుకుంటూ, పవిత్ర మాటలో మాటగా అంది, అక్క రాసిన దాంట్లో మొదట్లోనే ఒక ఖాళీ లూపుండాది మామా, ఊరికే అంకెలు లెక్కపెడతా కూర్చుంటుంది, లోపల పనేమీ లేదు, కరెంటు వచ్చినాక మోటరు వెంటనే తిరగకుండా పెట్టె సుమ్నే, ఊరికే, ఆలోచిస్తా ఉండేది గదా, అదే, నేనూ అట్లే ఎత్తి రాసుకున్నాను, నా కంపైలరు చూసి దీనివల్ల ఫలం లేదని తనే తీసి పారేసింది, అయితే ఇంక నాకెందుకని నేనూ కొట్టేసినాను, ఇప్పుడు కరెంటు వచ్చిన క్షణమే మోటరు, సుబ్బరాయప్ప తొడ మీద చెయ్యి కొట్టుకున్నాడు, బలే పని చేసినావమ్మా, ఆ కరెంటు వచ్చేదే వంతులకు, దాంట్లో ఈ పెట్టె నిద్ర లేచేదాకా కాచుకోవాల్సి వస్తా ఉండె, చంద్రశేఖర్ కూడా అన్నాడు, అవునప్పా, నేనూ అనుకుంటా ఉంటిని, కట్టుకున్న మొగుడు కూడా అన్నాడు, నాగవేణి నోటి దాకా వచ్చింది, అది ఖాళీ కాదు, సి కంపైలరు కూడా దాన్ని తీసేయబోతే వోలటైల్ అనే ఒక్క మాట చేర్చి దాని చేతులు కట్టేశాను, ఊరికే కాదు, అని, వచ్చింది, నాలుక మీదే ఉంది, అప్పుడే తిమ్మక్క పవిత్ర బుగ్గ పుణికి దిష్టి తీసింది, మాట లోపలికి పోయింది, మజ్జిగతో పాటు మింగేసింది, చల్లగా, హాయిగా కూడా ఉండింది, ఆ హాయి ఇంకా గుర్తుంది.

ఆ హాయి కింద ఎండ ఉంది, మొదటి వేసవి, తన పెట్టెలన్నీ పెట్టిన వారంలోనే, కరెంటు రాగానే అన్ని షెడ్ల స్టార్టర్లూ ఒకేసారి టపటపమని పడ్డాయి, ట్యూబులైటు ఎర్రగా మాడి వత్తిలా అయిపోయింది, మోటార్లు తిరగవు, మూలుగుతాయి, కాలిన వాసన, రోడ్డు మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పేలిన చప్పుడు, దాని కింద ఉన్న వాళ్లందరికీ చీకటి, తాగే నీళ్ల మోటారు కూడా ఆగిపోయిందని పక్క తోట పాపన్న లుంగీ ఎగగట్టి వచ్చి, మీ కోడలు ఇంజనీరా ఎలక్ట్రిక్ కొరివిదెయ్యమా, అని అరిచిపోయాడు, మామ ఒక్క మాట అనలేదు, అదే తట్టుకోలేకపోయింది, కొన్నాళ్లు ముఖం చూడలేదాయన, మొగ్గలు షెడ్లలోనే తల వాల్చేశాయి, నాగవేణి ఒక్కతే ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి, ఒక మోటారు లేవడానికి ఎంతసేపు, రెండోది లేచేలోపు ఎంత ఆగాలి, మూడోది, అని చేతి గడియారం చూసుకుంటూ తేల్చుకుంది, ఇంటికి వచ్చి ఆ లూపు రాసింది, ఒక్కో పెట్టె తన నెంబరును బట్టి కాస్త కాస్త ఆలస్యంగా లేచేలా, మొదటిది లేచి ఊపిరి పీల్చుకున్నాక రెండోది, పక్కన వివరం రాయలేదు, ఎవరు చదువుతారు కనుక, ఆ తర్వాత ఎప్పుడూ ఏమీ జరగలేదు, జరగని దానికి మెచ్చుకోలు ఎక్కడ, మామ మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టాడు, ఎందుకు బాగైందని అడగలేదు, అడిగి ఉంటే, అడిగి ఉంటే ఈ పొద్దు ఈ మాట ఆ పిల్లకు కూడా తెలిసి ఉండేది, అంటే తప్పు అడగని వాళ్లది, తనది కాదు, ఇలా పదిసార్లు అనుకుంది నిన్నటి నుంచి, కొత్త పెట్టెలు గోకుల్ ఒక్కొక్కటే బిగించి ఒక్కొక్కటే నడిపి చూసుకున్నాడు, ఒక్కటే నడిస్తే ఏ పెట్టె అయినా బంగారంలా నడుస్తుంది, అన్నీ కలిసి లేచేది ఈ పొద్దే, ఆ పచ్చ బొత్తాంతోనే.

అత్తా, పవిత్రనే నొక్కనీ, అన్న మాట తన నోటిదేనని నాగవేణికి వెంటనే తెలియలేదు, అంత మెత్తగా వచ్చింది, రాసినోళ్లే నొక్కాలన్నది న్యాయమే గదా, నాకేముంది, అంది, తిమ్మక్క నోరు తెరిచి చూసింది, గోకుల్, చూసినావా అమ్మా, వదిన మనసు, అని పొంగిపోయాడు, చంద్రశేఖర్ ఎర్రలైటు వదిలి మొదటిసారి పెళ్లాం వైపు తిరిగాడు, ఆ చూపులో ఎన్నాళ్లకో ఒక గర్వం, నా నాగవేణి అన్నట్టు, పెళ్లయిన కొత్తలో చూసినట్టు, మామ అన్నాడు, పెద్దరికమంటే అట్లుండాల, నేర్చుకోండి, ఇన్నేళ్లు కాచుకున్న మాట, నీళ్లు పోసినందుకు రాలేదు, ఫ్యూజు పేలకుండా కాపాడినందుకు రాలేదు, ఇప్పుడొచ్చింది, దీనికి, నాగవేణి చేతిలో కర్పూరం పళ్లెం కొద్దిగా వంగింది, కాలిన వాసన ముక్కులో నిజంగానే వచ్చిందా, కర్పూరం ఇంకా వెలిగించనే లేదు, బొత్తాం నొక్కగానే టపటపమంటాయి, ముందు ఎవరికీ అర్థం కాదు, తర్వాత అందరూ పసుపుచీర వైపు చూస్తారు, అప్పుడు తను ముందుకు నడిచి, అయ్యో, ఆ లూపు అందుకే గదా నేను పెట్టింది, అంటుంది, ఎంత నెమ్మదిగా అనాలో కూడా నిన్న గిన్నెలు తోముతూ అనుకుని పెట్టుకుంది, గొంతులో జాలి ఉండాలి, మరీ ఎక్కువ కాదు, సాంబారులో ఉప్పంత, ఆ పిల్ల ముఖం ఎలా మారుతుంది, మామ కొన్నాళ్లు దాని ముఖం చూడడు, చూడకపోతే ఎలా ఉంటుందో దానికీ తెలియాలి, తెలిస్తే ఏమవుతుంది, తనకు తెలిసింది, ఏమైంది, ఏమీ కాలేదు, మాట తగ్గింది, అంతే, మాట తగ్గి తగ్గి ఇదిగో ఇంత లోపలికి పోయింది.

అక్కా, అని పక్కనే పవిత్ర, ఎప్పుడు వచ్చిందో, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, చెవి దగ్గర గుసగుసగా, నాకు భయంగా ఉండాదక్కా, ఎందుకే, నీ కంపైలరు అంతా సరే అనింది గదా, అని నాగవేణి, అది అనిందక్కా, దానికేం తెలుసు, అది నా రాత చూసింది, ఈ తోట చూసిందా, ఈ లైను చూసిందా, రెండు వారాలనుంచి అడగాలని, మీరేమన్నా అనుకుంటారని, ఏం అనుకుంటాను, అని నాగవేణి, మీరు నాతో సరిగ్గా మాట్లాడడం లేదు గదక్కా, నాకు తెలుసు, అని ఆ పిల్ల తల దించుకుని మళ్లీ ఎత్తింది, మీది మొత్తం చదివినానక్కా, అన్ని వరసలూ, అన్నేండ్లు ఒక్కరూ ఆపకుండా, ఇది తప్పని చెప్పకుండా ఎట్ల రాసినారో, నాకయితే ప్రతి వరసకూ అది అడ్డం పడి పడి కాపాడితేగానీ రాలేదు, మీరొకసారి సరే అంటే చాలు, నొక్కేస్తాను, అంది, అప్పుడే బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది, వచ్చింది వచ్చింది, అని చంద్రశేఖర్, తిమ్మక్క నిమ్మకాయ మీద కత్తి ఆనించింది, పవిత్ర ఇంకా తన ముఖంలోకే చూస్తోంది, జవాబు కోసం.

సరే అంటే చాలు, ఒక్క మాట, నాగవేణికి ఆ కళ్లు చూస్తుంటే గొడుగు పట్టుకుని నిలబడ్డ తన ఎండ గుర్తొచ్చింది, ఆ ఎండలో తను ఎవరి మీద ఏడ్చింది, అరిచిన పాపన్న మీద కాదు, మాట్లాడని మామ మీద కూడా కాదు, ఆ పెట్టెలు నడపబోయే ముందు చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం ఆగమ్మా అనేవాళ్లు ఒక్కరు లేరే అని, కంపైలరు అనలేదు, మొగుడు అనలేదు, తెలిసినవాళ్లు లేరు కాబట్టి అనలేదు, ఇన్నాళ్లుగా ఈ పిల్ల జడ మీదా కాఫీ మీదా మామ కుర్చీ మీదా పడి కాలిందంతా అదే, దీని చెయ్యి పట్టుకునేది ఒకటి ఉంది, వరస వరసకూ, తనకు లేదు, లేకపోవడం తన చేతిలో లేదు, కానీ ఇప్పుడు తెలిసిన మనిషి ఒకరున్నారు, అన్నీ చూసి, ఏమవుతుందో తెలిసి, సరే అనబోతున్న మనిషి, పట్టుకోవలసిన చెయ్యి ఇదిగో ఇంత దగ్గరలో, గోరు కొరుక్కుని ఎర్రబడ్డ చెయ్యి.

పట్టుకుంది, పళ్లెం కింద పెట్టి, ఆ చెయ్యిని రెండు చేతులతో, చల్లగా ఉంది తన చేతికంటే, తర్వాత అత్త వైపు తిరిగి, గొంతు పెంచకుండానే, ఈ పొద్దు ఎవరూ నొక్కొద్దత్తా, అంది, నిమ్మకాయ కోసేసినానే, అని తిమ్మక్క, రసం కలుపుదాంలే, ఎండగా ఉండాది, మామా, ఆ ఖాళీ లూపు ఖాళీ కాదు, ఆ వేసవి ఫ్యూజు పోయింది చూడండి, మళ్లీ పోకుండా ఉండాలని నేను పెట్టింది, అన్ని మోటర్లూ ఒకేసారి లేవకుండా, ఆ పొద్దు దాన్ని తీసేసినందుకు మీరంతా మెచ్చుకుంటా ఉంటే నాకు తెలిసే గమ్మునున్నాను, అంది, సుబ్బరాయప్ప కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చున్నాడు, చంద్రశేఖర్ ముఖంలోని గర్వం ఎటు పోవాలో తెలియక అలాగే నిలబడింది, పవిత్ర చెయ్యి లాక్కుంటుందేమో అనుకుంది, లాక్కోలేదు, వేళ్లు మాత్రం బిగుసుకున్నాయి, నాగవేణి అందరి వైపూ ఒక్కొక్కరి వైపూ చూసి, రోజూ పొయ్యి మీద ఏముందో చెప్పే గొంతుతోనే చెప్పింది, ఈ వంతుకు పాత పెట్టెలే తిరుగుతాయి, గోకులప్పా, నువ్వు వైర్లు వాటికి మార్చు, పెట్టెల్లో ఉండబోయేది పవిత్ర రాసిందే, నాది తీసేద్దాం, కానీ రేపటినుంచి నేను ఆమె పక్కన కూర్చుంటాను, ఈ తోట గురించి నా తలలో ఉండేదంతా చెప్తాను, ఆమె రాస్తుంది, ఆమె భాష నాకు చెప్తుంది, ఇద్దరమూ సరే అన్న పొద్దు, ఇద్దరమూ నొక్కుతాము.